వర్డు ప్రాసెసరునందు స్టైళ్ల నామకరణము

శైలి యనగానే మనకు నన్నయ, తిక్కనలు స్ఫురింతురు. వర్డు ప్రాసెసరునందు ఆ మాటకు అర్థము వేఱు. అక్షరరూపము, పరిమాణము, పంక్తుల నడిమి యెడము మున్నగువానిని ఒక్క పేరున కట్టియుంచిన నియమసంపుటియే యచ్చట 'స్టైలు'. గందరగోళము కలుగకుండ ఇందు స్టైలు అనియే వ్యవహరింతును.

ఆ పేరు ఎట్లుండవలెను? ఖరగ్‌పూరు తెలుగు పలుకుబడిని గూర్చి వ్రాయు వ్యాసమును ఉదాహరణముగా గైకొందము. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఉద్యోగార్థమై వచ్చి ఈ పట్టణమున స్థిరపడిన తెలుగువారి వాడుకను వివరించు వ్యాసమున తెలుగు, వంగ, నాగరి లిపులు మూడును పక్కపక్కన నిలుచును. వ్యాసకర్త ఉదాహరణములకు 'బొద్దు-14' అని పేరిడినచో, సంపాదకుడు పరిమాణమును 12కు దింపిన నాడే ఆ పేరు అబద్ధమగును. 'ఉదాహరణము', 'వంగపదము' అని ప్రయోజనమునుబట్టి పేరిడుట మేలు.

పేరు మార్చుట సులభము. మైక్రోసాఫ్టు వర్డులో స్టైళ్ల పట్టికయందు 'మాడిఫై' అనుదానిని ఎంచి కొత్తపేరు వ్రాసిన చాలును. ఆ స్టైలు గల భాగములన్నియు దానిని అనుసరించును. 'హెడింగ్ 1' వంటి అంతర్నిర్మితములు మాత్రము తమ పేరు విడువవు; మన మిచ్చిన పేరు కామా తరువాత ఉపనామముగా చేరును.

ఇంత చర్చ యేల యందురేమో. యూనికోడునకు పూర్వపు ఫాంట్లతో కూర్చిన వ్యాసములు మన శాఖలలో నేటికిని కలవు. వానిలో ఆంగ్లాక్షరముల సంకేతస్థానములందే తెలుగు ఆకృతులను నింపిరి. అనగా తెలుగుతనమంతయు ఫాంటునందే యున్నది. అట్టి వ్యాసమును కొత్త ఫైలులో చేర్చునపుడు, రెండింటను 'ఉదాహరణము' అను స్టైలు ఉన్నచో, వర్డు సాధారణముగ కొత్త ఫైలు నిర్వచనమునే స్వీకరించును. పాత ఫాంటు తొలగును. తెలుగు మాట అర్థములేని రోమను అక్షరముల వరుసగ మిగులును. వంగపదమునకును అదే గతి పట్టినచో ఏది యే భాషయో చెప్పుట దుష్కరము. ఒక మాండలికసేకరణ ఇట్లు నిరుపయోగము కావచ్చును.

కావున చేర్చుటకు ముందే పాత స్టైళ్లకు 'పాతలిపి-తెలుగు', 'పాతలిపి-వంగ' అని పేర్లు మార్చవలెను. పిదప ఒక్కొక్క స్టైలు గల భాగములన్నిటిని ఒక్కసారి ఎంచి, వాని వాని పరివర్తకముతో యూనికోడులోనికి మార్చవలెను. యూనికోడున తెలుగునకు 128, వంగలిపికి వేఱుగ 128 స్థానములు కేటాయింపబడినవి గనుక, ఆపై ఫాంటు మారినను లిపి మారదు. లిబ్రె ఆఫీసు వాడువారు మఱియొకటి గమనింపవలెను: అందు పాశ్చాత్యలిపుల ఫాంటు వేఱు, భారతీయలిపుల ఫాంటు వేఱు. మొదటిదానిని ఎన్ని మార్లు మార్చినను తెలుగు కదలదు.