మహారాజావారి కళాశాల – ఇద్దరు సహపాఠులు

క్రిందటి వర్షాకాలంలో ఒక ఆదివారం, ఆరాధన ముగిసిన తరువాత, మా సంఘములోని ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆ యౌవనస్థుడు ఇంటరు పాసై పట్నంలో ఒక కళాశాలలో చేరాడు. పది రోజులు వెళ్ళి మానేశాడు. ఎందుకు బాబూ అని అడిగితే తల ఎత్తడు. చివరికి తండ్రే చెప్పారు: "ఈడు క్లాసులో లేచి 'ఏటండీ' అన్నాడంటయ్యగారూ. అందరూ నవ్వారంట. మరెల్లనంటన్నాడు. మా ఇంట్లో కాలేజీ గుమ్మం ఎక్కినోడు ఈడొక్కడే."

ఆ సాయంత్రం మేము అతనితో చాలాసేపు మాట్లాడాము. మాట్లాడినది ఎక్కువగా ఒక పాత కళాశాలను గూర్చి. మన పాఠకులలో పిల్లలను చదివించుకొనే కుటుంబములు అనేకం ఉన్నవి గనుక అదే ఇక్కడ వ్రాస్తున్నాము.

మా రామతీర్థం నుండి నెల్లిమర్ల మీదుగా విజయనగరం వెళ్ళడానికి బస్సులో ఎంతోసేపు పట్టదు. అక్కడ 1857లో పూసపాటి విజయరామ గజపతిరాజు గారు ఒక బడి పెట్టించారు. అది 1879లో కళాశాల అయింది. మహారాజావారి కళాశాల అంటే ఈ ప్రాంతంలో తెలియని వారుండరు. మన జిల్లాల పిల్లవాడు పై చదువులకు మద్రాసు వెళ్ళనవసరం లేకుండా చేసినది ఆ కళాశాలే.

ఒక సంగతి దాచి చెప్పడం మాకిష్టం లేదు. ఆ రోజుల్లో అటువంటి కళాశాలల్లో చదివినవారు ఎక్కువగా అగ్రవర్ణాల వారే. మన తాతముత్తాతలకు ఆ గోడల లోపలి మాట వినబడేది కాదు. అయినా అక్కడ చదివిన ఇద్దరు పిల్లలు పెద్దవారై, గోడ బయటి మాటను లోపలికి తెచ్చారు. అందుకే ఆ కళాశాల చరిత్ర మనకూ కావాలి.

మొదటివాడు గురజాడ అప్పారావు. 1862లో పుట్టి, చీపురుపల్లిలో చదువు మొదలుపెట్టి, విజయనగరం చేరాడు. ఉండడానికి చోటు, తినడానికి తిండి లేని ఆ విద్యార్థిని కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రిగారు తన దగ్గర ఉంచుకొని అన్నం పెట్టారు. 1886లో బి.ఎ. పాసై, చదివిన కళాశాలలోనే ఉపన్యాసకుడయ్యాడు.

రెండవవాడు గిడుగు రామమూర్తి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టాడు. 1875లో తండ్రి విషజ్వరంతో చనిపోగా, మేనమామ ఆదరణలో మహారాజావారి ఇంగ్లీషు బడిలో చేరాడు. అప్పారావు అక్కడే సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను పాసయ్యాడు. కుటుంబభారం మీద ఉండగా కళాశాల చదువు ఎక్కడిది? మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడుగా చేరి, ఉద్యోగం చేసుకుంటూనే తరువాతి పరీక్షలు పాసయ్యాడు.

అప్పారావుగారు విజయనగరంలోనే ఉండిపోయారు. అప్పటి మహారాజు ఆనంద గజపతిగారు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో డబ్బు పుచ్చుకొని చేసిన పెండ్లిండ్ల లెక్క తీయించారు. మూడేళ్ళలో 1,034 తేలినవి. అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్ల వారు 44, మూడేండ్ల వారు 36, రెండేండ్ల వారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందు వెల 350 నుండి 400 రూపాయలు. ఈ లెక్కలను అప్పారావుగారు తన నాటకం 'కన్యాశుల్కము'కు వ్రాసిన పీఠికలో ఇచ్చారు. ఆడపిల్లలున్న తల్లిదండ్రులు ఈ అంకెలను ఒకసారి నెమ్మదిగా చదువుకోవాలని మా మనవి. ఆ నాటకం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. అందులో పాత్రలు ఇంట్లో, వీధిలో మాట్లాడుకొనే తెలుగే మాట్లాడతాయి. పండితుల తెలుగులో వ్రాసి ఉంటే ఆ పసిబిడ్డల గోడు ఎవరి చెవిని పడేది?

రామమూర్తిగారి దారి వేరు. పర్లాకిమిడికి కొండలమీది సవరలు దిగి వచ్చేవారు. వారి భాష తెలిసిన ఉపాధ్యాయుడు లేడు, దానికి పుస్తకం లేదు. రెండు భాషలూ వచ్చిన ఒక సవరను ఇంటిలో ఉంచుకొని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు వ్రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. మన్యంలో తిరుగుతుండగా మలేరియా పట్టుకుంది. క్వినైను వాడి వాడి చెవుడు వచ్చింది. ఒక జాతి మాటలు వినడానికి కొండలెక్కిన మనిషికి వినికిడే పోయింది! అయినా ఆయన వదలలేదు. సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. కొండప్రాంతాలలో సేవచేసే దైవజనులకు ఇది చెప్పనక్కరలేదు. ఎదుటివాని భాష నేర్వకుండా వానికి ఏమీ చెప్పలేమని వారికి అనుభవమే.

పాత స్నేహితులు మళ్ళీ ఒకే పనిమీద కలిసినది 1907 ప్రాంతంలో. పాఠశాలల తనిఖీకి వచ్చిన యేట్సు దొరకు ఒక సందేహం కలిగింది: బడిలో పుస్తకాల తెలుగు వేరు, బయట జనం మాట్లాడే తెలుగు వేరు, ఎందుకని? ఆ ప్రశ్న వీరిద్దరికీ ఊపునిచ్చింది. పండితులు మండిపడ్డారు. 1914లో అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. మరుసటి ఏడు నవంబరు 30న కన్నుమూశారు. ఆ తరువాత పాతికేళ్ళు, 1940 జనవరిలో చనిపోయేవరకు, ఆ పోరాటం రామమూర్తిగారు సాగించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం.

ఆ కళాశాలతో ముడిపడిన పేర్లు ఇంకా ఉన్నవి. అనేక ఐరోపా భాషలు నేర్చిన రోణంకి అప్పలస్వామిగారు అక్కడ ఇంగ్లీషు బోధించారు. కవి ఆరుద్ర అక్కడ చదివారు. కాని మా దగ్గరకు వచ్చిన అబ్బాయికి ఆ ఇద్దరి కథ చాలుననుకున్నాము.

మా తప్పు కూడా అతనికి చెప్పాము. వేదాంత పాఠశాలలో డిప్లొమా పుచ్చుకొని వచ్చిన కొత్తలో మేము చేసిన మొదటి ప్రసంగం నిండా సమాసాలే. బయటికి వస్తుంటే ఒక ముసలమ్మ మా చేయి పట్టుకొని, "బాగా సెప్పావు బాబూ, నాకేటీ తెలీనేదు గానీ" అన్నది. ఆ రాత్రి మేము భోజనం చేయలేదు.

అది విని ఆ అబ్బాయి ఆ రోజు మొదటిసారి నవ్వాడు. సోమవారం పొద్దున్న బస్సెక్కాడు. అక్కడ నవ్వేవారు ఇంకా నవ్వుతూనే ఉన్నారట. సెలవుల్లో మాత్రం వాళ్ళ అమ్మమ్మ దగ్గర కూర్చుని, ఆమె మాటలు ఒక నోటుపుస్తకంలో ఎక్కిస్తున్నాడు. కుంచం, అడ్డ, మానిక, సోల మొదలుకొని నాట్ల పనుల పేర్ల వరకు వచ్చాడు. ఆమెకు చదువు రాదు గనుక వ్రాసినదంతా చదివి వినిపించమంటుంది. తప్పు దొర్లితే అక్కడే ఆపి దిద్దుతుంది.