నెలసరి ఆగే వయసులో: భుజం నొప్పి నుంచి నిద్ర దాకా

ఈ రోజు నేను మాట్లాడబోయేది మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు వంటింట్లో గుసగుసగా తప్ప బయటికి చెప్పుకోని విషయం. ముట్లుడగడం, అదే మెనోపాజ్. మగవాళ్ళు రేడియో కట్టెయ్యకండి, మీకూ పనికొచ్చే సంగతులున్నాయి. ముందే చెప్తున్నాను, నేను డాక్టరును కాను. ఫిజియోథెరపిస్టుగా చాలా ఏళ్ళు పనిచేశాను. మోకాలు, భుజం, నడుము పట్టుకుని వచ్చేవాళ్ళని చూడడమే నా వృత్తి. అందుకే ఈ విషయంలోకి నేను కీళ్ళ నొప్పుల దారిలోంచి వస్తున్నాను.

మేముండేది పాసిర్ రిస్‌లో. సింగపూర్‌కి తూర్పు కొస, ఆకుపచ్చ లైను ఎమ్మార్టీకి ఆఖరి స్టేషను. సాయంత్రాలు సముద్రం పక్కన పార్కులో నడిచే తెలుగు ఆడవాళ్ళం ఒక చిన్న గుంపు ఉన్నాం. 45 దాటినవాళ్ళమే ఎక్కువ. ఒకావిడ చెయ్యి వెనక్కి పోక జడ వేసుకోలేకపోతున్నానంటుంది. ఒకావిడకి రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. ఇంకొకావిడ "పిల్లలు నోరు తెరిస్తే చాలు కసురుతున్నానండీ, ఎందుకో నాకే తెలీదు" అంటుంది. కాస్త చనువుగా అడిగితే, జడ వేసుకోలేని ఆవిడకే నిద్ర కూడా లేదు, కసురుకోవడమూ ఉంది. భుజానికి ఒక డాక్టరు, నిద్రకి ఒక మాత్ర, కోపానికి గుళ్ళో అర్చన. మూడూ ఒక మనిషికే, ఒకే ఏడాదిలో వచ్చాయని ఎవరూ కలిపి చూడరు. హోలిస్టిక్ అనే మాటని ఈ మధ్య సీసాల మీద అచ్చువేసి అమ్ముతున్నారు గానీ, నాకు తెలిసిన అర్థం ఇంతే: మనిషిని ముక్కలుగా కాకుండా మొత్తంగా చూడడం. ఆ మొత్తంలో డాక్టరిచ్చే మందు కూడా ఉంటుంది.

వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ అయినట్టు లెక్క. సింగపూర్‌లో ఇది సగటున 49, 50 ఏళ్ళకి వస్తుంది. మన దేశంలో ఇంకాస్త ముందే. అయితే ఇబ్బందులు ఆ రోజు నుంచి మొదలవ్వవు. అంతకు మూడు నాలుగేళ్ళ ముందు, నెలసరి ఇంకా వస్తూ ఉండగానే మొదలవుతాయి. "నాకింకా ఆగలేదుగా, ఇది అదెలా అవుతుంది?" అని చాలామంది పొరపడేది ఇక్కడే.

మెనోపాజ్ అనగానే పుస్తకాల్లో ముందు రాసేది హాట్ ఫ్లషెస్ గురించి. అంటే ఉన్నట్టుండి ఛాతీ నుంచి మొహం దాకా వేడి ఆవిర్లు, చెమట. మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే భాగం ఈస్ట్రోజెన్ తగ్గేసరికి అతి సున్నితమైపోతుంది. కొంచెం వేడికే ఒళ్ళు చల్లబరచమని ఉత్తర్వు ఇచ్చేస్తుంది. ఇది నిజమే. కానీ 2002లో అచ్చయిన ఒక సింగపూర్ సర్వేలో 40 నుంచి 60 ఏళ్ళ ఆడవాళ్ళని అడిగితే, వేడి ఆవిర్లున్నాయన్నది నూటికి 18 మంది లోపే. నడుం నొప్పి, కండరాలూ కీళ్ళ నొప్పులూ ఉన్నాయన్నది సగం మందికి పైగా! తర్వాత ఇక్కడి నేషనల్ యూనివర్సిటీ హాస్పిటల్‌లో చైనీస్, మలయ్, భారతీయ స్త్రీలని 1,200 మంది దాకా పరిశీలించినప్పుడు కూడా కీళ్ళ, కండరాల నొప్పులే ముందు వరసలో నిలిచాయి. అందుకని ఆవిర్లు లేవు కాబట్టి నాకు మెనోపాజ్ ఇబ్బంది లేదు అనుకోకండి. పైగా ఏడాది పొడుగునా ఉక్కపోసే ఈ ఊళ్ళో ఏ చెమట వాతావరణానిదో, ఏది ఒంటిదో తేల్చుకోవడమూ కష్టమే.

నా సొంత రంగం కాబట్టి భుజం గురించి కాస్త ఎక్కువ చెప్తాను. 40 నుంచి 60 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో భుజం బిగుసుకుపోవడం చాలా మామూలు. చైనావాళ్ళు, జపాన్‌వాళ్ళు దీన్ని "యాభై ఏళ్ళ భుజం" అనే పిలుస్తారు, ఎంత సరిగ్గా పేరు పెట్టారో చూడండి. షుగరున్నవాళ్ళకి ఇంకా ఎక్కువగా వస్తుంది. ముందు నొప్పి, తర్వాత బిగువు, తర్వాత మెల్లగా సడలింపు. ఏడాది నుంచి మూడేళ్ళు పట్టచ్చు. నొప్పి దశలో ఎవరో చెయ్యి పట్టుకు గుంజితే, బలంగా మర్దన చేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. వేడినీళ్ళ కాపడం పెట్టి, గోడ మీద వేళ్ళు పాకించుకుంటూ నొప్పి మొదలయ్యే చోటు దాకా వెళ్ళి ఆగాలి. కీళ్ళు వాచి, పొద్దున లేచాక గంటసేపటికి పైగా బిగువు వదలకపోతే మాత్రం అది వేరే కీళ్ళవాతం కావచ్చు. రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఎముకల సంగతి ఇంతకన్నా ముఖ్యం, ఎందుకంటే అవి నొప్పి పెట్టవు. మెనోపాజ్ తర్వాత అయిదు నుంచి ఏడేళ్ళలో ఎముక సాంద్రత 20 శాతం దాకా కూడా తగ్గచ్చు. మనవాళ్ళు "రోజూ నడుస్తున్నానుగా" అంటారు. నడక గుండెకి మంచిది. ఎముకకి, కండకి అది ఒక్కటే చాలదు, బరువు కావాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడకి చేతులానించి తొయ్యండి. మడమలెత్తి నిలబడండి. మన హెచ్‌డీబీ బ్లాకుల కిందే వ్యాయామం చేసే సామాను ఉంటుంది, చీర కట్టుకుని కూడా చెయ్యచ్చు, ఎవరూ నవ్వరు. వారానికి రెండు మూడు రోజులు చాలు.

తిండి విషయం తొందరగా చెప్పేస్తాను, మీకు తెలిసిందే కాబట్టి. మన కంచంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. అది కాస్త తిరగేయాలి. ఈ వయసులో రోజుకి 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములుంటుంది. పెరుగు, నువ్వులు, మునగాకు ఉండనే ఉన్నాయి. భూమధ్యరేఖ పక్కనే ఉండి కూడా గొడుగులో, ఏసీలో గడపడం వల్ల మనవాళ్ళలో విటమిన్ డి లోటు మామూలే. పరీక్ష చేయించుకోండి. సోయా, టోఫు మంచి మాంసకృత్తులు, తినండి. ఆవిర్లకి మందు అని మాత్రం అనుకోకండి.

ఈ మాట నేను ఊహించి అంటున్నది కాదు. మందుల్లేని, హార్మోన్లు లేని పద్ధతుల్ని అమెరికాలోని మెనోపాజ్ సొసైటీ 2023లో ఒక్కొక్కటిగా తూచింది. వేడి ఆవిర్లు తగ్గించడానికి సోయా, మూలికల మాత్రలు, ఆక్యుపంక్చర్, యోగా, ప్రాణాయామం లాంటి శ్వాస పద్ధతులు, వీటిలో దేనికీ చాలినంత ఆధారం దొరకలేదు. యోగా చేసేవాళ్ళు నా మీద కోప్పడకండి. నేనూ చేస్తాను. యోగా మీద జరిగిన ఒక మంచి పరీక్షలో ఆవిర్ల లెక్క తగ్గలేదు గానీ నిద్ర బాగుపడింది. నిద్ర బాగుపడితే కోపం, నొప్పి రెండూ తగ్గుతాయి. అది చిన్న లాభమా? ఇక ఆవిర్లకి పనిచేసినవాటిలో బరువు తగ్గడం, సీబీటీ అనే కౌన్సెలింగు పద్ధతి ఉన్నాయి. "అయ్యో, అందరూ నన్నే చూస్తున్నారు" అనే కంగారు ఆవిరిని రెట్టింపు చేస్తుంది. ఆ ఆలోచనని పట్టుకుని మార్చుకోవడం నేర్పుతారు.

హార్మోను మందులంటే మనవాళ్ళకి కేన్సర్ భయం. ఆ భయం 2002 జులై నుంచి వచ్చింది. అమెరికాలో 16,000 మందికి పైగా స్త్రీల మీద జరుగుతున్న పరీక్షని రొమ్ము కేన్సర్లు పెరిగాయని మధ్యలో ఆపేశారు. పెరిగింది ఎంత? ఏడాదికి 10,000 మందిలో 8 మంది అదనంగా. అందులో చేరినవాళ్ళ సగటు వయసు 63. తర్వాత ఆ లెక్కల్నే వయసుల వారీగా చూస్తే, 60 లోపు, లేదా మెనోపాజ్ అయిన పదేళ్ళలోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతులకి కీడుకన్నా మేలే ఎక్కువని తేలింది. ఆవిర్లకి ఇంతకన్నా బాగా పనిచేసే మందు లేదు, ఎముకలకీ రక్ష. రొమ్ము కేన్సర్ వచ్చినవాళ్ళు, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్ళు, కాలేయం చెడినవాళ్ళు వాడకూడదు. యోని పొడిబారడానికి, మాటిమాటికీ మూత్రంలో మంటకి అక్కడే రాసుకునే తక్కువ మోతాదు మందు వేరే ఉంది. సిగ్గుపడి ఇది అడగకుండా ఏళ్ళ తరబడి బాధపడేవాళ్ళని చూశాను.

మనవల కోసం ఇక్కడికొచ్చే అమ్మల గురించీ, అత్తగార్ల గురించీ ఒక మాట. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దానితోపాటు అండాశయాలు కూడా చిన్న వయసులోనే తీసేసి ఉంటే, ఎముకలు అప్పటి నుంచే అరగడం మొదలుపెట్టి ఉంటాయి. ఆవిడ పాత ఆపరేషన్ కాగితాలు తెప్పించి చూడండి. ఎముకల స్కాన్ చేయించండి. 45 లోపు ఇలా జరిగినవాళ్ళు, ఇంకా 50 నిండకపోతే, హార్మోన్ల గురించి డాక్టరుని తప్పక అడగాలి.

ఇంకొకటి. ఊరి నుంచి, ఫోన్లలో చూసి తెప్పించే కీళ్ళనొప్పుల "మూలికల" మాత్రలతో జాగ్రత్త. అలాంటి వాటిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడు కలిపి ఉందని ఇక్కడి హెచ్‌ఎస్‌ఏ పలుమార్లు హెచ్చరించింది. రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుంది నిజమే. ఆ స్టెరాయిడే ఎముకని గుల్లచేస్తుంది, షుగరు పెంచుతుంది. చాలాకాలం వాడినవాళ్ళు ఒక్కసారిగా మానకూడదు కూడా, సీసా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

భర్తలకి చెప్పేది ఒకటే. అర్ధరాత్రి ఆవిడ దుప్పటి తన్నేసి ఏసీ తగ్గిస్తే గొడవపడకండి, మీరొక దుప్పటి ఎక్కువ కప్పుకోండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, ముందు మీ ఫ్యామిలీ డాక్టరు దగ్గరికో, పాసిర్ రిస్ పాలీక్లినిక్‌కో. 40 దాటిన పౌరులు, పీఆర్‌లు 2023లో మొదలైన హెల్దియర్ ఎస్‌జీ పథకంలో ఒక డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకోవచ్చు. అవసరమైతే కేకే హాస్పిటల్ మెనోపాజ్ క్లినిక్కుకి రాసిస్తారు. వెళ్ళేముందు రెండు వారాలు ఒక కాగితం మీద నిద్ర, నొప్పి, ఆవిర్లు, మనసు, నెలసరి, అన్నీ ఒకేచోట రాసుకోండి. థైరాయిడ్, షుగరు పరీక్షలు అడగండి, వాటి లక్షణాలూ ఇలాగే ఉంటాయి. 12 నెలలు ఆగిపోయాక మళ్ళీ ఒక్క చుక్క రక్తం కనిపించినా కాగితం, రెండు వారాలు అని ఆగకండి, ఆ వారంలోనే వెళ్ళండి.