చేప పిల్లకి చర్మ రోగమా? ఫోన్ కెమెరా ఎంతవరకు పట్టిస్తుంది!

మాక్రో కెమెరా ఉన్న ఫోన్‌తో చేప పిల్లల చర్మ రోగం కనిపెట్టొచ్చా? నన్నడిగితే, సగం వరకే.

మన దేశంలో తొలి సముద్ర కేజ్‌ని సీఎంఎఫ్‌ఆర్‌ఐ 2007లో విశాఖ తీరంలోనే దించింది. ఇలాంటి కేజ్‌లలో పెరిగే పిల్లలకి పుండ్లు పడితే ఫోటోలో క్లియర్‌గా కనిపిస్తాయి. కానీ చర్మానికి అతుక్కునే నియోబెనెడీనియా అనే చదును పురుగు గాజులా ఉంటుంది. ఎన్ని మెగాపిక్సెల్స్ ఉన్నా దొరకడం కష్టం. ట్రిక్ ఏంటంటే, ఆ పిల్లని సుమారు 5 నిమిషాలు మంచినీళ్లలో ఉంచండి. ఉప్పు లేని నీళ్లకి పురుగు తెల్లబడి రాలిపోతుంది. అప్పుడు ఫోటో తీయండి.

తెల్ల చుక్కలుంటే? చర్మం మీది జిగురుని మెల్లగా గీరి మైక్రోస్కోప్ కింద పెట్టి, ఐపీస్‌కి ఫోన్ ఆనించి వీడియో తీయాలి. గుండ్రంగా ఉండి, మెల్లగా తిరుగుతూ కనిపిస్తే అది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి కావచ్చు.

ఈ ఫోటోలని కేంద్రం 2023లో తెచ్చిన 'రిపోర్ట్ ఫిష్ డిసీజ్' యాప్‌లో నిపుణులకి పంపండి. వాళ్లు చెప్పకముందే మందు వేయొద్దు. పురుగుకి యాంటీబయాటిక్ వేస్తే డబ్బూ పోతుంది, పిల్లలూ పోతాయి.