పెట్టుబడి అడిగే వేదిక ఎక్కే ముందు ఇంట్లో తేల్చుకోవాల్సిన లెక్కలు

వ్యాపారానికి డబ్బు కావాలంటే మన పెద్దలు బ్యాంకుకో, చీటీల వారి దగ్గరికో వెళ్ళేవారు. ఇప్పుడు మన పిల్లలు పెట్టుబడిదారుల ముందు నిలబడి తమ ఆలోచన చెప్పి డబ్బు అడుగుతున్నారు. దీన్నే పిచ్ అంటున్నారు. 2021 డిసెంబరులో షార్క్ ట్యాంక్ ఇండియా టీవీలో మొదలయ్యాక ఈ మాట మన ఇళ్ళలోనూ వినిపిస్తోంది. నాలుగు నిమిషాలు బాగా మాట్లాడితే లక్షలు వస్తాయన్నట్టు తెర మీద కనిపిస్తుంది. కానీ అక్కడ మనం అడిగేది అప్పు కాదు. మన వ్యాపారంలో వాటా అమ్ముతున్నాం. ఈ తేడా ఇంట్లో అందరికీ తెలిశాకే వేదిక ఎక్కాలి.

అప్పు వేరు, వాటా వేరు

చీటీ పాడినా, నగలు కుదువ పెట్టినా, అసలూ వడ్డీ కట్టేస్తే లావాదేవీ ముగుస్తుంది. వాటా అలా ముగియదు. డబ్బు పెట్టినవారికి మామూలుగా నెలనెలా వడ్డీ కట్టనక్కర్లేదు. కానీ లాభంలో, నిర్ణయాల్లో, రేపు కంపెనీ అమ్మితే వచ్చే సొమ్ములో వారికి భాగం ఉంటుంది.

షోలాపూర్‌లో మగ్గాలున్న ఒక తెలుగు ఇంటిని ఊహించుకుందాం. ఆ ఇంటి అమ్మాయి తువ్వాళ్ళను ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. ఒక్కోటి 300 రూపాయలు. నూలు, రంగు, కూలి 150. ప్యాకింగు, కొరియరు 50. ఆన్‌లైన్ కమీషను, ప్రకటనలు 60. మిగిలేది 40. ఏడాదికి 20,000 అమ్మితే అమ్మకాలు 60 లక్షలు, లాభం 8 లక్షలు.

ఆమె వేదిక మీద "30 లక్షలు కావాలి, 10 శాతం వాటా ఇస్తాను" అందనుకోండి. 10 శాతం విలువ 30 లక్షలైతే మొత్తం కంపెనీ విలువ 3 కోట్లు అని ఆమె చెప్పినట్టే. "ఏడాదికి 8 లక్షల లాభం వచ్చే వ్యాపారం 3 కోట్లు ఎలా చేస్తుంది?" అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. సమాధానం లేకపోతే "అదే 30 లక్షలకు 25 శాతం ఇవ్వండి" అంటారు. అంటే విలువ 1 కోటి 20 లక్షలకు దిగిపోయింది. చప్పట్లు, కెమెరాల మధ్య తలూపడం సులభం. అందుకే ఎంత శాతం దాటి ఇవ్వకూడదో ఇంట్లోనే నిర్ణయించుకుని వెళ్ళాలి.

25 శాతం ఎందుకు ముఖ్యం

2013 కంపెనీల చట్టం ప్రకారం కంపెనీ నియమావళి మార్చడం వంటి పెద్ద నిర్ణయాలకు ప్రత్యేక తీర్మానం కావాలి. పడిన ఓట్లలో కనీసం 75 శాతం అనుకూలంగా ఉండాలి. కాబట్టి బయటివారి వాటా 25 శాతం దాటితే అలాంటి తీర్మానాన్ని వారొక్కరే ఆపగలరు. ఇంకో సంగతి. 25 శాతం ఇచ్చి, తర్వాత కొత్త షేర్లు జారీ చేసి మరొకరికి 20 శాతం ఇస్తే ఇంటివారికి మిగిలేది 55 కాదు, 60. 75లో 20 శాతం తగ్గుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకోవాలి.

ఎవరి పేరు మీద ఉంది?

మన కుటుంబ వ్యాపారాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మగ్గాలు పెదనాన్నవి, షెడ్డు తాతగారి పేరు మీద, బ్రాండు పేరు రిజిస్టరే కాలేదు, అమ్మకాలు అమ్మాయి ఖాతాలో. సొంతదారు వ్యాపారంలో షేర్లు ఉండవు. వాటా ఇవ్వాలంటే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పెట్టాలి. ఏ ఆస్తి కంపెనీలోకి వస్తుంది, ఏది కుటుంబానిదిగా ఉంటుంది, అన్నదమ్ముల పిల్లలకు ఎంత అన్నది ముందే రాసుకోవాలి. లేకపోతే పెట్టుబడి వచ్చిన రోజే ఇంట్లో తగువు మొదలవుతుంది.

వేదిక మీద

సమస్య ఏమిటి, మన సరుకు దాన్ని ఎలా తీరుస్తుంది, ఇప్పటికి ఎంత అమ్మాం, ఎంత మిగిలింది, వచ్చే డబ్బు దేనికి ఖర్చు పెడతాం. ఈ వరుసలో చెబితే చాలు. ముందు తెలుగులో ఇంట్లోవారికి చెప్పి చూడండి. అమ్మమ్మకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది. తర్వాత కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో, ఇంగ్లీషులోనో సాధన చేయండి. రెండు మూడు భాషల్లో బేరం చేయడం మనకు కొత్త కాదు. తెలియని ప్రశ్నకు "లెక్క చూసి చెబుతాను" అనడం తప్పు కాదు. ఊహించి చెప్పిన అంకె తర్వాత పట్టుబడుతుంది.

వేదిక దిగాక

అక్కడ కుదిరిన మాట డబ్బు కాదు. తర్వాత జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఒప్పందాలు అన్నీ పరిశీలిస్తారు. టీవీలో కుదిరినవి కూడా ఈ దశలో ఆగిపోవడం ఉంది. ఇచ్చిన కాగితాన్ని సొంత ఆడిటరు, వకీలు చదివాకే సంతకం చేయాలి. వ్యవస్థాపకులు మధ్యలో వెళ్ళిపోతే వారి షేర్లు ఏమవుతాయి, కంపెనీ అమ్మితే ముందు ఎవరికి డబ్బు వెళుతుంది అన్న షరతులు తప్పక అడగాలి.

వాటా ఇవ్వకుండా దొరికే డబ్బు

కొత్తదనం ఉన్న ఆలోచన అయితే కర్ణాటక ప్రభుత్వ ఎలివేట్ కార్యక్రమంలో నిర్ణేతల ముందు పిచ్ చేసి ఎంపికైతే 50 లక్షల వరకు గ్రాంటు వస్తుంది, వాటా తీసుకోరు. తమిళనాడులో స్టార్టప్ టీఎన్, ఒడిశాలో స్టార్టప్ ఒడిశా ఇలాంటివారికి తోడ్పడుతున్నాయి. మహారాష్ట్ర స్టార్టప్ వీక్‌లో ఎంపికైనవారికి ప్రభుత్వ శాఖల నుంచి పని ఆర్డర్లు దొరుకుతాయి. యానాం వారు కేంద్రం స్టార్టప్ ఇండియా పథకాలకు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. మామూలు తయారీ, దుకాణం వంటివాటికి ముద్రా రుణం పూచీకత్తు లేకుండా 10 లక్షల వరకు ఉంది. తరుణ్ విభాగం రుణం సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇస్తారు.

కావాల్సింది 5 లక్షలే అయితే అప్పే మేలు కావచ్చు. వ్యాపారాన్ని పదింతలు చేయాలి, దారి చూపే భాగస్వామి కావాలి అనుకుంటే వాటా ఇవ్వడంలో తప్పు లేదు. ఏది ఎంచుకున్నా, పిచ్ చేసేవారొక్కరే కాకుండా ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ లెక్క ఒకసారి వేసుకోవాలని మా మనవి.