స్కూబా పరికరాల ఎంపిక

నీటి అడుగున శ్వాసించుటకు కావలసిన గాలిని తన వెంటనే తీసుకొనిపోయి ఈదే విధానాన్ని స్కూబా డైవింగ్ అంటారు. సెల్ఫ్ కంటెయిన్డ్ అండర్‌వాటర్ బ్రీతింగ్ అపారటస్ అనే ఆంగ్ల పదాల మొదటి అక్షరాలతో స్కూబా అనే మాట ఏర్పడినది. ఇందులో మాస్కు, ఫిన్లు, వెట్‌సూట్, రెగ్యులేటర్, బి.సి.డి., బరువులు, సిలిండర్ మరియు డైవ్ కంప్యూటర్ ప్రధాన పరికరాలు. వీటిలో కొన్నింటికి శరీరానికి సరిపోవడమే ముఖ్య లక్షణం కాగా, మరికొన్ని ప్రాణాధారాలు. అందువలన కొత్త పరికరాన్ని ముందుగా నేలపైన, తరువాత ఈతకొలనులో పరీక్షించి, ఆ పిమ్మటనే సముద్రంలో వాడుతారు.

భారతదేశంలో అండమాన్ దీవులలోని స్వరాజ్ ద్వీపం (2018 వరకు హావ్‌లాక్), లక్షద్వీప్, కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి, పుదుచ్చేరి స్కూబా డైవింగుకు పేరొందిన ప్రదేశాలు. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం దగ్గరి రుషికొండ తీరంలో కూడా ఈ క్రీడ ఉన్నది. ఈ వ్యాసంలోని వివరాలు ఇటువంటి వెచ్చని సముద్రాలలో డైవింగ్ మొదలుపెట్టేవారికి సంబంధించినవి. చల్లని నీటిలో డైవింగుకు కావలసిన పరికరాలు, శిక్షణ వేరు.

నేపథ్యం

ఈనాటి స్కూబా పరికరాలకు మూలం 1943లో ఫ్రాన్సులో జాక్వెస్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి రూపొందించిన ఆక్వాలంగ్. యుద్ధకాలంలో పెట్రోలు దొరకక కార్లను గ్యాసుతో నడపవలసి వచ్చినప్పుడు గాన్యాన్ తయారుచేసిన ఒక కవాటమే దీనికి ఆధారమైనది. మనిషి గాలి పీల్చినప్పుడు మాత్రమే, ఆ లోతులోని నీటి పీడనానికి సమానమైన పీడనంతో గాలిని వదలడం దీని ప్రత్యేకత. వెట్‌సూట్‌ను 1952లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ రూపొందించాడు.

సొంతమా, అద్దెనా?

శిక్షణ కేంద్రాలు పరికరాలన్నిటినీ అద్దెకు ఇస్తాయి. కాబట్టి శిక్షణ పూర్తికాక ముందే అన్నీ కొనవలసిన అవసరం లేదు. పలువురు శిక్షకులు చెప్పే క్రమం ఇది: మొదట మాస్కు, తరువాత ఫిన్లు, ఆపైన డైవ్ కంప్యూటర్. రెగ్యులేటర్ మరియు బి.సి.డి. కొన్ని డైవులు చేసి, వేర్వేరు రకాలు వాడి చూచిన తరువాతనే కొనడం మేలు. సంవత్సరానికి ఒకసారి సెలవులకు అండమాన్ వెళ్ళి నాలుగైదు డైవులు చేసేవారికి సొంత రెగ్యులేటర్ లాభమని చెప్పలేము. వాడినా వాడకపోయినా దానికి తయారీదారు చెప్పిన గడువులో సర్వీసింగ్ చేయించవలసినదే. సొంత మాస్కు ఉపయోగం మాత్రం మొదటి రోజు నుండే తెలుస్తుంది.

మాస్కు

నీటిలో కంటికి ఆనుకొని గాలి పొర ఉంటేనే స్పష్టంగా కనబడుతుంది. వక్రీభవనం వలన మాస్కు లోపలి నుండి చూచిన వస్తువులు అసలు దూరంలో నాలుగింట మూడు వంతుల దూరంలోనే ఉన్నట్లు, పెద్దవిగా అగుపిస్తాయి. ఈత కళ్ళద్దాలు డైవింగుకు పనికిరావు. లోతుకు వెళ్ళేకొద్దీ నీటి పీడనం మాస్కును ముఖానికి నొక్కుతుంది; ముక్కుతో కొంచెం గాలి వదలి ఆ ఒత్తిడిని సరిచేయాలి. ముక్కు బయట ఉండే కళ్ళద్దాలతో అది సాధ్యం కాదు.

మాస్కును పరీక్షించే పద్ధతి సులభమైనది. పట్టీ తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి ముక్కుతో మెల్లగా గాలి పీల్చి చేయి వదలాలి. మాస్కు పడిపోకుండా నిలిస్తే అది ఆ ముఖానికి సరిపోయినట్లు. ఇదే పరీక్షను నోటిలో రెగ్యులేటర్ పెట్టుకొని మరల చేయాలి. నోరు తెరిచినప్పుడు బుగ్గల ఆకృతి మారి, ముందు సరిపోయిన మాస్కు కూడా గాలి లోపలికి రానివ్వవచ్చు. నుదుటి వద్ద ఒక్క పాయ వెంట్రుకలు ఇరుక్కున్నా నీరు కారుతుంది. మీసం ఉన్నవారికి ఇది నిత్య సమస్య. ముక్కు కింద సన్నని గీతగా మీసాన్ని గొరిగించుకొనేవారు కొందరు కాగా, వచ్చిన నీటిని ముక్కుతో ఊది పంపుతూ సర్దుకొనేవారు మరికొందరు. నీరు కారుతున్నదని పట్టీని మరింత బిగించడం సాధారణంగా జరిగే పొరపాటు. దానివలన సిలికాన్ అంచు వంకరపోయి ఇంకా ఎక్కువ నీరు వస్తుంది.

కొత్త మాస్కు అద్దాలపై తయారీలో అంటిన పలుచని పొర ఉంటుంది. దానిని టూత్‌పేస్టుతో రుద్ది తొలగించకపోతే ఎన్నిసార్లు కడిగినా అద్దం మసకబారుతూనే ఉంటుంది. దృష్టి లోపం ఉన్నవారికి పవర్ అద్దాలు అమర్చిన మాస్కులు లభిస్తాయి.

మాస్కుకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడం అతిగా తోచవచ్చు. కానీ కొత్త డైవరు ముక్కులోకి హఠాత్తుగా నీరు వచ్చినప్పుడే బెదరిపోతాడు. అలా బెదరినవాడు ఊపిరి బిగబట్టి పైకి దూసుకుపోవడమే అసలు ప్రమాదం. 10 మీటర్ల లోతులో పీడనం ఉపరితలం కంటె రెండింతలు కనుక, అక్కడ పీల్చి బిగబట్టిన గాలి పైకి చేరేసరికి బాయిల్ నియమం ప్రకారం రెండింతలు వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. ఒకటి రెండు మీటర్ల లోతు నుండి కూడా ఇటువంటి గాయం కలుగవచ్చు. ఈ కారణంగా, శిక్షణ లేనివారు స్నేహితుని పరికరాన్ని ఈతకొలనులో సరదాకు వాడి చూడడం ఎంతమాత్రం తగదు.

ఫిన్లు

పాదమంతా కప్పే ఫిన్లను వట్టి కాళ్ళకే తొడుగుతారు. మడమ వద్ద పట్టీ ఉండే రకానికి లోపల బూట్లు కావాలి. రాళ్ళు, పగడపు ముక్కలు ఉన్న ఒడ్డు నుండి నీటిలోకి నడిచి వెళ్ళవలసిన చోట బూట్లు ఉన్న రకమే మంచిది. ఏ బూటుతో వాడుతారో ఆ బూటు తొడుక్కొనే ఫిన్ను ఎంచుకోవాలి. చాలా గట్టి బ్లేడు ఉన్నవి కొత్తవారి పిక్కలు పట్టేటట్లు చేస్తాయి.

వెట్‌సూట్

నీరు గాలి కంటె దాదాపు 25 రెట్లు వేగంగా శరీరపు వేడిని లాగివేస్తుంది. అండమాన్ సముద్రంలో నీటి ఉష్ణోగ్రత సాధారణంగా 27 నుండి 30 డిగ్రీల సెల్సియస్ వరకు ఉన్నా, అరగంట తరువాత చలి మొదలవుతుంది. అక్కడ 3 మిల్లీమీటర్ల నియోప్రీన్ సూటు ఎక్కువమందికి చాలును. సూటు వంటికి అంటుకొని ఉండాలి. నడుము వెనుక, మెడ వద్ద ఖాళీ ఉంటే నీరు వచ్చిపోతూ వేడిని తీసుకొనిపోతుంది. తొడుక్కోవడానికి కష్టపడవలసి రావడం లోపం కాదు. తొడుక్కున్నాక ఊపిరి నిండుగా తీయలేకపోతే మాత్రం అది చిన్నదైనట్లే.

రెగ్యులేటర్

సిలిండర్‌లో 200 బార్ల పీడనంతో ఉన్న గాలిని నోటితో పీల్చగలిగే స్థాయికి తగ్గించేది రెగ్యులేటర్. ఇది రెండు దశలలో పనిచేస్తుంది. సిలిండర్ మీద బిగించే మొదటి దశ, గాలి పీడనాన్ని చుట్టూ ఉన్న నీటి పీడనం కంటె సుమారు 10 బార్లు ఎక్కువ స్థాయికి దించుతుంది. నోటి వద్ద ఉండే రెండవ దశ దానిని నీటి పీడనంతో సమానం చేస్తుంది. మొదటి దశ నుండి మరొక రెండవ దశ కూడా వ్రేలాడుతుంది. ఆక్టోపస్ అని పిలువబడే ఇది, గాలి అయిపోయిన తోటి డైవరు కొరకు. దీనిని సులభంగా గుర్తించుటకు సాధారణంగా పసుపు రంగులో చేస్తారు.

సిలిండర్‌కు బిగించే విధానాన్ని బట్టి యోక్, డిన్ అని రెండు రకాలు కలవు. ఉష్ణమండల పర్యాటక ప్రాంతాలలో యోక్, ఐరోపాలో డిన్ ఎక్కువగా కనబడతాయి. డిన్ రెగ్యులేటర్‌కు అడాప్టర్ తగిలించి యోక్ సిలిండర్‌పై వాడవచ్చు. గడ్డకట్టే చల్లని నీటి కొరకు తయారైన ఖరీదైన నమూనాలు అండమాన్‌లో డైవ్ చేసేవారికి అనవసరం.

రెగ్యులేటర్‌ను ప్రతిసారీ, అద్దెదైనా సొంతదైనా, నీటిలో దిగేముందు పరీక్షిస్తారు. సిలిండర్ కవాటం తెరవక ముందే రెండవ దశను నోట పెట్టుకొని పీల్చాలి; గాలి ఏమాత్రం రాకూడదు. వస్తే లోపలి పొర గాని, గాలి బయటకు పోయే కవాటం గాని చెడినదని అర్థం. నీటిలో ఆ దారినే నీరు నోటిలోకి వస్తుంది. తరువాత కవాటాన్ని పూర్తిగా తెరిచి, ప్రెషర్ గేజ్ వైపు చూస్తూ నాలుగైదు సార్లు గట్టిగా పీల్చి వదలాలి. ముల్లు కదలకుండా ఉండాలి. పీల్చిన ప్రతిసారీ ముల్లు పడి మరల లేస్తూ ఉంటే కవాటం సగమే తెరుచుకొని ఉన్నది. అటువంటి సిలిండర్ పడవ మీద చక్కగా గాలి ఇస్తుంది, 20 మీటర్ల లోతులో సరిపడా ఇవ్వదు. పూర్వం కవాటాన్ని తెరిచాక పావు చుట్టు వెనుకకు తిప్పే అలవాటు ఉండేది. దిక్కు పొరబడి దాదాపు మూసివేసిన సందర్భాల వలన పూర్తిగా తెరిచి ఉంచాలనే సూచనే ఇప్పుడు ఎక్కువగా వినబడుతుంది.

గాలికి నూనె వాసన గాని, ఏదైనా రుచి గాని ఉంటే ఆ సిలిండర్‌ను వాడరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు కనుక, వాసన లేనంత మాత్రాన గాలి మంచిదని కూడా అనుకోరాదు. గాలి నింపే కేంద్రం నమ్మదగినదై ఉండాలి.

బి.సి.డి.

బాయన్సీ కంట్రోల్ డివైస్ అనబడే ఈ గాలి చొక్కా సిలిండర్‌ను వీపుపై నిలుపుతుంది, గాలి నింపినా తీసినా డైవరు ప్లవనాన్ని మారుస్తుంది. కొత్తవారు దీనిని రంగు చూచి ఎంచుకొనడం కద్దు. చూడవలసినది మాత్రం, పూర్తిగా గాలి నింపినప్పుడు ఛాతీని నొక్కుతున్నదా లేదా అని. దుకాణంలోనే వెట్‌సూట్ వేసుకొని, దానిపై బి.సి.డి. తొడిగి, నిండా ఊది, ఊపిరి తీసి చూడాలి. కళ్ళు మూసుకొని గాలి నింపే బొత్తాము, వదలే బొత్తాము, భుజం వద్ద మరియు నడుము వద్ద ఉండే త్రాళ్ళు వెతికి పట్టుకోగలగాలి. గాలి నింపి కొంతసేపు పక్కన పెడితే కారుతున్నదా లేదా తెలుస్తుంది. నింపే బొత్తాము ఉప్పు పేరుకొని ఇరుక్కుపోవడం సరిగా కడగని పరికరాలలో జరుగుతుంది. అప్పుడు గాలి దానంతట అదే నిండి డైవరును పైకి ఎత్తివేస్తుంది. అందుకే గొట్టాన్ని వెంటనే విడదీయడం ఈతకొలనులోనే అభ్యసిస్తారు.

బరువులు

కొత్త డైవర్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడనే. నియోప్రీన్ తేలుతుంది కనుక మునగడానికి సీసపు బరువులు కావాలి. మునగలేకపోతే అందరికీ తెలుస్తుంది, బరువు ఎక్కువైతే ఎవరికీ తెలియదు. కాబట్టి తొందరలో ఒకటి రెండు కిలోలు అదనంగా తగిలించడం జరుగుతూ ఉంటుంది. ఆ అదనపు బరువును మోయడానికి బి.సి.డి.లో ఎక్కువ గాలి నింపవలసి వస్తుంది. ఆ గాలి, లోతు మారిన ప్రతిసారీ పెరుగుతూ తరుగుతూ డైవరును ఒకచోట నిలువనీయదు. ఊపిరి త్వరగా ఖర్చవుతుంది, కాళ్ళు కిందికి వ్రేలాడి పగడపు దిబ్బలను విరుస్తాయి.

సరైన బరువు తెలుసుకొనుటకు, పరికరాలన్నీ ధరించి, నిలబడలేనంత లోతు నీటిలో బి.సి.డి.లోని గాలి అంతా వదలి, మామూలు ఊపిరి పట్టి కదలకుండా ఉండాలి. నీటి మట్టం కళ్ళ వద్దకు రావాలి, ఊపిరి వదలగానే మునగాలి. ఈ పరీక్ష సిలిండర్‌లో 50 బార్లు మిగిలి ఉన్నప్పుడు చేయడం ఉత్తమం. 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో 200 నుండి 50 బార్లకు వచ్చేసరికి సుమారు 2 కిలోల గాలి ఖర్చవుతుంది, చివరకు సిలిండరే తేలే స్థితికి వస్తుంది. నిండు సిలిండర్‌తో పరీక్షిస్తే ఆ 2 కిలోలు కలుపుకోవాలి. ఉప్పునీటి సాంద్రత మంచినీటి కంటె సుమారు రెండున్నర శాతం ఎక్కువ. అనగా పరికరాలతో కలిపి 90 కిలోలు ఉన్న వ్యక్తికి ఈతకొలనులో సరిపోయిన బరువు సముద్రంలో రెండు కిలోలకు పైగా తక్కువ పడుతుంది.

బరువులను ఒక్క చేతితో, చూడకుండా విడిచివేయగలగాలి. మరణించిన డైవర్లలో చాలామంది బరువులు వారి ఒంటిపైనే ఉన్నట్లు ప్రమాదాల పరిశీలనలు తెలుపుతున్నాయి. బెల్టు బకిల్, బి.సి.డి. జేబులలోని పిడి వేర్వేరు విధాలుగా తెరుచుకుంటాయి కనుక, అద్దె పరికరం మారినప్పుడల్లా దీనిని కొత్తగా నేర్చుకోవాలి.

గాలి లెక్క, డైవ్ కంప్యూటర్

పైన చెప్పిన సిలిండర్‌లో 200 బార్ల వద్ద సుమారు 2,200 లీటర్ల గాలి ఉంటుంది. ఉపరితలంపై నిమిషానికి 20 లీటర్లు పీల్చే వ్యక్తి 20 మీటర్ల లోతులో మూడింతల పీడనం వలన 60 లీటర్లు ఖర్చు చేస్తాడు. 50 బార్లు నిల్వగా విడిచిపెడితే అక్కడ లభించే సమయం అరగంటకు కొంచెం తక్కువే. బెదరినవారు ఇంకా వేగంగా పీలుస్తారు.

డైవ్ కంప్యూటర్ లోతును, కాలాన్ని కొలిచి, శరీరంలో కరిగిన నైట్రోజన్‌ను లెక్కగట్టి ఇంకా ఎంతసేపు ఉండవచ్చో చూపుతుంది. మరీ వేగంగా పైకి వస్తే హెచ్చరిస్తుంది. ఒకే కంప్యూటర్‌ను ఇద్దరు పంచుకోరాదు, ఇద్దరి లోతులు ఎప్పుడూ ఒకటి కావు. కొత్తవారు అంకెలు పెద్దవిగా, ఎండలోనూ మసక నీటిలోనూ చదవగలిగేదానిని ఎంచుకోవాలి. విమానం ఎక్కడానికి ముందు ఆగవలసిన సమయాన్ని కూడా ఇది చూపుతుంది. వరుసగా డైవులు చేసినవారు కనీసం 18 గంటలు ఆగాలని సూచిస్తారు. తిరుగు ప్రయాణపు రోజు ఉదయం కూడా ఒక డైవ్ చేయాలనుకొనే అండమాన్ యాత్రికులు ఈ అంకెను ముందే చూచుకోవాలి.

నీటిలోకి దిగేముందు

ఇద్దరు జంటగా ఒకరి పరికరాలను ఒకరు తనిఖీ చేయడం ఆనవాయితీ: బి.సి.డి. నిండుతున్నదా, బరువులు ఎలా విడిపోతాయి, బకిళ్ళు ఏవైపు తెరుచుకుంటాయి, రెండు రెగ్యులేటర్లలోనూ గాలి వస్తున్నదా. తోటివాని ఆక్టోపస్ ఎక్కడ వ్రేలాడుతున్నదో తెలిసినవారికే అది అవసరానికి అందుతుంది. కొత్త పరికరంతో మొదటి డైవును లోతు తక్కువగా, ప్రవాహం లేని చోట, తెలిసిన జంటతో చేస్తారు. ఒకే రోజు రెండు మూడు కొత్త పరికరాలు మార్చడం మంచిది కాదు. ఇబ్బంది కలిగినప్పుడు దేని వలన కలిగినదో తెలియదు.

డైవ్ తరువాత అన్నిటినీ మంచినీటిలో నానబెట్టి, నీడలో ఆరబెడతారు. రెగ్యులేటర్ మొదటి దశపై మూత బిగించిన తరువాతనే నీటిలో ముంచాలి, లేనిచో లోపలికి నీరు చేరి తుప్పు పడుతుంది. బి.సి.డి. లోపల చేరిన ఉప్పునీటిని కూడా తలక్రిందులు చేసి వంచివేయాలి.