ఇట్రియం: వాడకం స్వల్పం, గిరాకీ గట్టిది

రేర్ ఎర్త్ లోహాల్లో ఇట్రియం 2025లో తేజీ మీద నడిచింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న ఇట్రియంతో సహా ఏడు లోహాల ఎగుమతికి చైనా లైసెన్సు తప్పనిసరి చేసింది. దరిమిలా చైనా వెలుపల ఇట్రియం ఆక్సైడు ధర పలు రెట్లు పెరిగింది. చైనాలో మాత్రం ఆ స్థాయి పెరుగుదల లేదు. సరుకు లేక వచ్చిన తేజీ కాదిది, సరుకు గడప దాటక వచ్చినది.

మోటారు విడిభాగాల వర్తకులకూ ఈ సరుకుతో సంబంధం ఉంది. వాహనాల పొగగొట్టంలో అమర్చే ఆక్సిజన్ సెన్సర్‌కు ప్రాణం జిర్కోనియా పింగాణీ. అందులో ఇట్రియా, అంటే ఇట్రియం ఆక్సైడు కలిపితేనే వేడి హెచ్చుతగ్గులకు పగుళ్లు బారకుండా నిలుస్తుంది. సుమారు 300 డిగ్రీలు దాటాక ఆక్సిజన్ అయాన్లను తన గుండా పోనిస్తుంది. ఈ పింగాణీకి ఒక పక్క పొగ, మరో పక్క బయటి గాలి ఉంటాయి. పొగలో ఆక్సిజన్ తగ్గితే దాదాపు 0.9 వోల్టు, ఎక్కువైతే 0.1 వోల్టు విద్యుత్తు పుడుతుంది. దానిని బట్టి ఇంజనుకు పెట్రోలు మోతాదు మారుతుంది. జర్మనీలోని బాష్ కంపెనీ 1976లో ఈ సెన్సర్ల తయారీ ప్రారంభించింది. మన దేశంలో 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక మోటారు సైకిళ్లు, స్కూటర్లలోనూ వీటి వాడకం విస్తరించింది.

ఒక్కో సెన్సర్‌లో ఇట్రియా పాలు అత్యల్పం. కిలో సరుకు వందలాది సెన్సర్లకు సరిపోతుంది. అందువల్ల ధర పదింతలైనా సెన్సర్ ఖరీదు ఆ మేరకు పెరగదు, కొనుగోలుదారు వెనుకాడడు. సరుకు అందకపోతే మాత్రం తయారీయే ఆగుతుంది. విమాన ఇంజన్ల బ్లేడ్లకు వేడిని తట్టుకునే పూత వేసే సంస్థలు కూడా ఇదే సరుకుకు పోటీదార్లు.

దేశీయ సరఫరాపై ఆశలు పెట్టుకోవడం తొందరపాటే. భీమునిపట్నం తీరపు ఇసుకలో మోనజైట్ ఉన్నమాట నిజమే. అయితే అందులో లభించేవి ప్రధానంగా సీరియం, లాంథనం, నియోడిమియం. ఇట్రియం పాలు తక్కువ. పైగా థోరియం ఉన్నందున మోనజైట్ అణుశక్తి చట్టం పరిధిలోకి వస్తుంది, స్వేచ్ఛగా బేరాలకు రాదు. తీరపు ఇసుక వార్తలు విని ఇట్రియం మెత్తబడుతుందని ముందస్తు అమ్మకాలకు దిగేవారు డెలివరీ నాడు ఇబ్బంది పడగలరు.

ఈ సరుకులో రేటు కన్నా డెలివరీ ముఖ్యం. లైసెన్సు చేతికి వచ్చిన సరుకుకూ, మాట మీద ఉన్న సరుకుకూ ఒకే ధర కట్టరాదు.