డుంబ్రిగుడ పర్యాటక వసతి గృహాలలో వస్త్రాలు, గోడ ఆచ్ఛాదనల ఎంపిక: ఒక పరిశీలన

వాణిజ్య భవనాల అంతరాలంకరణలో వస్త్రాలనూ గోడ ఆచ్ఛాదనలనూ రంగు, నమూనా, ధర అనే క్రమంలో ఎంచుకోవడం పరిపాటి. మైదాన పట్టణాల హోటళ్లకు ఈ పద్ధతి కొంతవరకు చెల్లుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా డుంబ్రిగుడ మండలంలో అది చెల్లదు. అరకులోయను ఆనుకొని, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ప్రాంతంలో ఎంపిక గోడలోని చెమ్మతో మొదలుకావాలి.

చాపరాయి జలపాతానికీ అరకులోయకూ వచ్చే సందర్శకుల రద్దీ ప్రధానంగా శీతకాలానిది. వానాకాలంలో ఇటుక గోడలు జల్లు నీటిని పీల్చుకుంటాయి. ఖాళీ గదులు రోజుల తరబడి మూసి ఉంటాయి. పీల్చుకున్న తేమలో కొంత గది లోపలివైపుకు ఆరాలి. వినైల్ వాల్‌పేపర్ ఆవిరిని పోనివ్వదు కనుక తేమ దాని వెనుకనే నిలుస్తుంది. అంటించిన పిండిజిగురు బూజుకు ఆహారమవుతుంది. పైకి కాగితం శుభ్రంగానే కనిపిస్తుంది. మొదట తెలిసేది వాసన. శీతకాలపు రాత్రులలో మరో కారణం తోడవుతుంది: వేడినీటి స్నానపు ఆవిరి, నిద్రించేవారి శ్వాస చల్లని గోడను తాకి నీటిబిందువులుగా మారతాయి.

ఈ నష్టాన్ని భరించేది ఎవరన్నది ముఖ్యమైన ప్రశ్న. 1/70 చట్టంగా ప్రసిద్ధమైన రెగ్యులేషన్ షెడ్యూల్డు ప్రాంతాలలో భూమిని గిరిజనేతరులకు బదలాయించడాన్ని నిషేధిస్తుంది. కాబట్టి సొంత స్థలంలో నాలుగైదు గదులు కట్టుకున్న గిరిజన కుటుంబానికి ఊడిపోయిన గోడకాగితమంటే ఒక సీజను ఆదాయానికే గండి.

ఈ కొండలలోని మట్టి ఇళ్ల సంప్రదాయం వేరొక మార్గం చూపుతుంది. ఎర్రమట్టితో మెత్తి, పండుగలకూ పబ్బాలకూ మళ్లీ అలికే గోడ ఆవిరిని పీల్చి వదులుతుంది. పాడైన చోట మాత్రమే సరిచేయవచ్చు. సిమెంటు కట్టడంలో దీనికి దగ్గరగా ఉండేవి సున్నపు గిలాబా, సున్నపు పూత. వాటిపై వస్త్రాన్ని అంటించకుండా, గోడకు వేలెడు ఎడంగా కర్రకు వేలాడదీస్తే వెనుక గాలి ఆడుతుంది, విప్పి ఉతకడానికీ వీలవుతుంది.

ఇక ఆ వస్త్రం ఏది? ప్రామాణిక వాతావరణంలో నూలు తన బరువులో దాదాపు 8.5 శాతం తేమను పట్టి ఉంచుతుంది, పాలియెస్టర్ 0.4 శాతం మాత్రమే. అందువల్ల స్నానపుగది పక్క కిటికీకి పాలియెస్టర్ తెర నయం. ఆవరణలో చలిమంట వేసే చోట మాత్రం అది కరిగి కారుతుందనీ, నూలు మంటను అందుకుంటుందనీ గుర్తుంచుకోవాలి. తెరల జ్వలన నిరోధానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 15741 ఉంది. కొనేటప్పుడు ఆ ధ్రువీకరణతోపాటు అది ఎన్ని ఉతుకులకు నిలుస్తుందో కూడా అడగాలి. కొన్ని రసాయన పూతలు ఉతికితే పోతాయి.

కుర్చీలకు, సోఫాలకు మార్టిండేల్ రాపిడి పరీక్ష ప్రధానం. ఇక్కడ కలంకారీ ఆకర్షణ ఒక చిక్కు తెస్తుంది. ఇనుము, బెల్లం ఊరవేసి తీసే నలుపు కాలక్రమంలో నూలుపోగును బలహీనపరుస్తుంది. నలుపు ఎక్కువగా ఉన్న గుడ్డను కూర్చునే చోట వాడటం కంటే గోడకు వేలాడదీయడం మేలు. గోడ మీదనైనా ఎండ పడే వైపు కరక్కాయ పసుపు త్వరగా వెలుస్తుంది. నీలిమందు, వేరు ఎరుపు ఎక్కువకాలం నిలుస్తాయి. పొరుగున ఉన్న కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేత ఈ దృష్టితో పరిశీలించదగినది. తొగరు వేరు నుంచి తీసిన ఎరుపు, గోధుమ వర్ణాల ఈ నూలు వస్త్రాలకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది.

‘స్థానికత’ పేరిట జరిగే ఎంపికలలో పొరపాట్లు తక్కువేమీ కావు. సవర గోడచిత్రం సీతంపేట పరిసర కొండలది. పైగా అది దేవతలనూ పితరులనూ ఆవాహన చేసే చిత్రం. దాన్ని డుంబ్రిగుడ రిసెప్షన్ గోడపై ముద్రిత వాల్‌పేపర్‌గా పరచడంలో స్థలమూ తప్పే, సందర్భమూ తప్పే. ఈ ప్రాంతపు గదబల విషయానికి వస్తే, వారి స్త్రీలు ఒకప్పుడు చెట్ల నార వడికి ‘కెరంగ్’ అనే చారల వస్త్రాన్ని తామే నేసుకునేవారు. మిల్లుబట్టలు వచ్చాక ఆ నేత దాదాపు కనుమరుగైంది. గది అలంకరణకు దాని చారలను తీసుకోదలచిన వసతి గృహం ముందుగా గదబ పల్లెల పెద్దలను సంప్రదించి, వారి సమ్మతితో, వారి పేరు చెప్పి, వారికి ప్రతిఫలం చెల్లించి నేయించుకోవాలి. ఆ ఖర్చు వాల్‌పేపర్ ధరకు మించవచ్చు. కాని వాన పడిన ప్రతిసారీ కొత్తగా కొననక్కరలేదు.